తోలు జిగురుతో సందు లేని అతుకు: ఉక్కపోత ఊళ్ళలో పట్టాల్సిన పద్ధతి

తోలు జిగురు, అంటే పశువుల తోళ్ళు ఉడికించి తీసే వడ్రంగి జిగురు, సందు పూడ్చదు. పాత్రలో వేడిగా ఉన్న జిగురులో మూడింట రెండొంతులు నీళ్ళే. ఆరేటప్పుడు ఆ నీళ్ళు పోతాయి, మిగిలింది ముడుచుకుంటూ రెండు చెక్కల్నీ ఒకదానివైపు ఒకటి లాగుతుంది. చెక్కలు ముందే ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే ఆ లాగుడు మనకు మేలు చేస్తుంది. మధ్యలో అర మిల్లీమీటరు ఖాళీ ఉంటే జిగురు ఎండి పగుళ్ళిచ్చి, పొడిగా రాలిపోతుంది. అందుకే గట్టి అతుకు అనేది చిత్రిక దగ్గరే తేలిపోతుంది. జిగురు వంతు ఆ తర్వాతే.

ఇక రెండో సంగతి ఎండ, తేమ. ఈ జిగురు గురించి దొరికే రాతలు చాలావరకు చలిదేశాల వాళ్ళవి. గది వెచ్చబెట్టండి, లేకపోతే జిగురు గడ్డకడుతుంది అని హెచ్చరిస్తుంటారు. బొబ్బిలిలోనో నరసన్నపేటలోనో మే నెలలో రేకుల షెడ్డు కింద పనిచేసేవాళ్ళకు వచ్చే చిక్కు దానికి సరిగ్గా తలకిందులు: జిగురు గడ్డకట్టనే కట్టదు. పద్ధతి అదే, కాలాన్ని బట్టి సర్దుబాటు మాత్రం మనమే చేసుకోవాలి.

చెక్క సిద్ధం చెయ్యడం

రెండు పనస పలకలు అంచుకు అంచు కలిపి వెడల్పు పలక చెయ్యాలనుకుందాం. ఒక్కోటి 75 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 2 మందం.

ముందు చెక్క ఆరిందో లేదో చూడాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి తేమ ఎక్కువ కాబట్టి చెక్క 12 శాతం తేమకు దిగితే మంచి చెక్కే. తేమ కొలిచే మీటరు లేకపోతే ఆ పలకనే వంటింటి కాటా మీద రోజూ తూచి రాసుకోండి. వారం రోజులు బరువు మారకపోతే పలక ఆ గదికి అలవాటు పడినట్టే. పచ్చిదనం ఉన్న చెక్కను అతికిస్తే అతుకు ఆ రోజు బాగానే ఉంటుంది. నాలుగు నెలల తర్వాత పలక కుంచించుకుపోయి, రెండు చివర్లా నోరు తెరుచుకుంటుంది.

అంచు తీయడానికి మీ దగ్గరున్న వాటిలో పొడుగైన చిత్రిక వాడండి. పొట్టి చిత్రిక అంచులోని ఎత్తుపల్లాల వెంట దిగుతూ ఎక్కుతూ పోతుంది, పొడుగుది ఎత్తుల్నే కోస్తుంది. 75 సెంటీమీటర్ల అంచుకు 50 సెంటీమీటర్లు దాటిన చిత్రిక ఉంటే పని తేలిక. పనసలో నార ఒక వరస ఇటు, ఒక వరస అటు అల్లుకుని ఉంటుంది, అందుకని మొద్దుబారిన బ్లేడు చిన్నచిన్న పెచ్చులు లేపుతుంది. బ్లేడు అప్పుడే నూరి, చివరి నాలుగైదు పట్లు కాగితంకన్నా పల్చటి పొట్టు వచ్చేలా పట్టాలి. మిషన్ మీద తీసిన అంచును అలాగే వదలొద్దు: దాని మీద బ్లేడు కొట్టిన అలలు ఉంటాయి, పైపొర నలిగి మెరుస్తూ ఉంటుంది. చేతి చిత్రికతో రెండు పట్లు పడితే ఆ మెరుపు పోతుంది. సాండ్‌పేపర్ మాత్రం అంచు మీద పెట్టొద్దు. మూలలు గుండ్రబడతాయి, దుమ్ము రంధ్రాల్లో కూరుకుంటుంది.

రెండు పలకల్నీ పుస్తకం మూసినట్టు ముఖానికి ముఖం పెట్టి, రెండు అంచులూ ఒకేసారి బైసుపట్టులో బిగించి చిత్రిక పట్టడం మంచిది. చెయ్యి ఒక డిగ్రీ వాలినా, పలకలు విప్పి కలిపినప్పుడు ఒకదాని వాలు ఇంకొకదాని వాలుతో సరిపోయి పలక చదునుగా వస్తుంది. పైకి ఉండే ముఖాల మీద పెన్సిలుతో పెద్ద త్రికోణం గియ్యండి, ఏది ఎటో తర్వాత తికమక ఉండదు.

ఇప్పుడు పరీక్ష. కింది పలకను అంచు పైకి ఉండేలా బిగించి, పై పలకను దాని మీద నిలబెట్టండి. ఒక చివర పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పండి. నడిమధ్యన ఇరుసు ఉన్నట్టు తేలిగ్గా గిర్రున తిరిగితే మధ్యలో ఎత్తుందన్నమాట, ఆ ఎత్తు తీయాలి. అవతలి చివర బరువుగా రాసుకుంటూ, పొడవులో ముప్పాతిక దూరం దగ్గర ఇరుసు ఉన్నట్టు కదిలితే అంచు చదునుగా ఉంది. తర్వాత కిటికీకి ఎదురుగా నిలబడి అతుకు గీత వెంట చూడండి. ఎక్కడా వెలుగు దూరకూడదు. అనుమానంగా ఉన్న చోట ఒక అంచుకు సుద్దముక్క రాసి, రెండో అంచు దాని మీద ఒక్కసారి ఆనించి ఎత్తండి. సుద్ద అంటిన చోటు ఎత్తు, అంటనిది పల్లం. సుద్ద మరక ఉన్నచోట ఒక పల్చటి పొట్టు తీసి మళ్ళీ చూడండి. జిగురు పెట్టేముందు సుద్ద ఆనవాలు లేకుండా చివరి పట్టు పట్టాలి.

టేకు, ఇరుగుడు లాంటి నూనె చెక్కలైతే చిత్రిక పట్టిన గంటలోపే అతికించండి. ఆలస్యమయ్యేకొద్దీ లోపలి నూనె పైకి వస్తుంది. అతికించే ముందు అసిటోన్‌తో తడిపిన తెల్లగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనిస్తే ఇంకా మంచిది. అసిటోన్ బేగి అంటుకుంటుంది, దగ్గర్లో పొయ్యి వెలుగుతుంటే వాడొద్దు. ఆరిన పనసకు ఈ బెడద లేదు.

జిగురు కాచడం

దుకాణాల్లో ఇది రెండు రూపాల్లో వస్తుంది: తేనె రంగు గింజలు, లేదంటే దళసరి పలకలు. పాత వడ్రంగులు వజ్రం అంటారు. పలకలైతే గోనెగుడ్డలో చుట్టి సుత్తితో కొట్టాలి. విడిగా కొడితే గాజులా ఎగిరి కంట్లో పడుతుంది. బలం అంకెతో అమ్మే గింజలు దొరికితే, మామూలు వడ్రంగానికి 192, వాద్యాలకు 251 సరిపోతాయి. అంకె పెరిగేకొద్దీ నీళ్ళు ఎక్కువ తాగుతుంది, త్వరగా గడ్డకడుతుంది. ఎక్కువ అంకె ఎప్పుడూ మేలనుకోవద్దు.

కాటా మీద 50 గ్రాముల గింజలు, 90 గ్రాముల నీళ్ళు తూచండి. 251 రకమైతే నీళ్ళు 100 గ్రాములు. చెంచాల లెక్క వద్దు. తాగే మంచినీళ్ళే వాడండి, ఉప్పు తగిలే బోరు నీళ్ళు వద్దు. ఉప్పు జిగురును త్వరగా గడ్డకట్టనివ్వదు, ఆరిన తర్వాత కూడా తేమ పీలుస్తుంది. గింజలు చన్నీళ్ళలో గంటసేపు, పలక ముక్కలు రాత్రంతా నానాలి. ఎండాకాలంలో కుండ నీళ్ళు పోసి నానబెట్టండి, రాత్రంతా నానాల్సినవైతే ఫ్రిజ్‌లో పెట్టండి. తడిసిన జిగురు మాంసకృత్తే కాబట్టి ఉక్కకు ఒక్క రోజులో కుళ్ళుతుంది. నానిన గింజ ఉబ్బి, వేళ్ళతో నలిపితే లోపల గట్టి పలుకు తగలకూడదు.

కాచడం ఎప్పుడూ నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టే. జిగురు గాజు సీసాలోనో స్టీలు గ్లాసులోనో ఉండాలి. ఇనప గిన్నె వద్దు, టేకు, తుమ్మ లాంటి చెక్కల్లోని వగరుకు ఇనుము తగిలితే అతుకు గీత నల్లబడుతుంది. బయటి నీళ్ళు 65 డిగ్రీలు, లోపలి జిగురు 60 నుంచి 63 డిగ్రీలు. వంటకు వాడే థర్మామీటరు జిగురులోనే ముంచి చూడాలి, బయటి నీళ్ళలో కాదు. 70 దాటితే మాంసకృత్తు పోగులు తెగిపోయి బలం తగ్గుతుంది. ఒక్కసారి మరిగిన జిగురు చూడ్డానికి బాగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. రైస్ కుక్కర్‌ను వెచ్చదనం మీటలో వాడేవాళ్ళు ఒకసారి థర్మామీటరు పెట్టి చూసుకోండి. చాలా కుక్కర్లు ఆ మీటలోనే 70 దాటిస్తాయి. అలాంటప్పుడు మూత తీసి పెట్టడమో, బయటి నీళ్ళలో కొంచెం చన్నీళ్ళు కలపడమో చెయ్యాలి.

చిక్కదనం తెలియాలంటే బ్రష్షు ముంచి ఒక జానెడు పైకెత్తండి. ధార తెగకుండా, సన్నగా, చప్పుడు లేకుండా పడాలి. చుక్కలుచుక్కలుగా తెగితే పల్చన. ముద్దలుగా జారితే చిక్కన, అప్పుడు వేడినీళ్ళు చెంచా చొప్పున కలపండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క నలిపి చూడండి. కొద్ది క్షణాల్లో వేళ్ళు అంటుకుని, విడదీస్తే సాలెగూడు పోగులు లేస్తే జిగురు బాగున్నట్టు. నీళ్ళలా జారిపోతూనే ఉంటే అది పాడైన జిగురు, పారబొయ్యండి. గిన్నె మీద నీళ్ళు ఆవిరై జిగురు చిక్కబడుతూ ఉంటుంది, అరగంటకోసారి ఈ ధార పరీక్ష చెయ్యండి.

60 డిగ్రీల దగ్గరైనా రోజంతా కాగితే బలం తగ్గుతుంది. పూటకు సరిపడా మాత్రమే కాచుకోండి. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. రెండు మూడుసార్లకు మించి మళ్ళీ కాచొద్దు. దుర్వాసన వచ్చినా, పైన నీలి బూజు కనిపించినా అది పనికిరాదు. ఎండు గింజలైతే గాలి చొరని డబ్బాలో ఏళ్ళ తరబడి ఉంటాయి.

అతికించడం

ఈ జిగురు రెండు మెట్లలో పనిచేస్తుంది. ముందు చల్లబడి గడ్డకట్టి చెక్కల్ని కదలకుండా పట్టుకుంటుంది, తర్వాత నీరు ఆరి గట్టిపడుతుంది. గడ్డకట్టడం సుమారు 30 నుంచి 35 డిగ్రీల మధ్య మొదలవుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున షెడ్డులో 18, 20 డిగ్రీలుంటే జిగురు పూసిన తర్వాత మీకుండేది అర నిమిషం, మహా అయితే నిమిషం. మేలో అదే షెడ్డు 38 డిగ్రీలుంటే చల్లబడి గడ్డకట్టే మెట్టే రాదు.

చలికాలంలో అంచుల్ని ముందు వెచ్చబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి అంచు పొడవునా రెండు నిమిషాలు ఆడించి, చెయ్యి పెడితే వెచ్చగా, కాలకుండా, అంటే 40, 45 డిగ్రీలు ఉంటే చాలు. ఇంకా వేడి చేస్తే అంచు ఎండి వంకర పోతుంది. సీలింగ్ ఫ్యాను ఆపండి. ఎండాకాలంలోనూ ఫ్యాను ఆపాల్సిందే, గాలికి జిగురు మీద పొర కడుతుంది, ఆ పొర రెండో అంచుకు అంటదు. బ్రష్షు, తడిగుడ్డ, ఆనించే బద్దలు, క్లాంపులు అన్నీ చేతికందేలా సర్దుకుని, జిగురు లేకుండా ఒకసారి మొత్తం చేసి చూసుకోండి. పూసిన తర్వాత వెతుక్కునే వ్యవధి ఉండదు. కరెంటు పోతే గిన్నె చల్లారకుండా ఒక ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉంచుకోండి.

90 సెంటీమీటర్ల లోపు అంచులకు రుద్ది అతికించే పద్ధతికి మించింది లేదు. కింది పలక బైసుపట్టులో, అంచు పైకి. రెండు అంచులకూ గబగబా, ధారాళంగా జిగురు పూసి, పై పలకను ఆనించండి. కిందికి నొక్కుతూ ఐదారు సెంటీమీటర్లు ముందుకీ వెనక్కీ జరపండి. మొదటి రెండు జరుపుళ్ళలో నూనె రాసినట్టు జారుతుంది, పక్కల నుంచి జిగురు పూసలు కట్టి బయటికొస్తుంది. నాలుగోసారికి బరువెక్కుతుంది. ఐదో ఆరో జరుపులో పలక పట్టేసుకుంటుంది, ఇంక కదిలించాలంటే బలం పెట్టాలి. సరిగ్గా ఆ క్షణానికి చివర్లు సరిపోయేలా చూసుకుని చేతులు తీసెయ్యాలి. పట్టుకున్న తర్వాత సరిచేద్దామని కదిపితే గడ్డ తెగిపోతుంది, ఆ అతుకు ఇక నిలవదు. అలా జరిగితే విడదీసి, వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి మళ్ళీ మొదలుపెట్టడమే దారి. గంట తర్వాత పలకను బైసుపట్టు నుంచి తీసి, గోడకు రెండు బద్దలు ఆనించి, వాటి మీదికి ఒరిగించి నిలబెట్టండి. బరువు అతుకు మీద పడకూడదు.

షెడ్డు 34 డిగ్రీలు దాటితే రుద్దిన అతుకు పట్టదు. రెండు దారులున్నాయి. తెల్లవారి ఐదారు గంటల మధ్యన పని ముగించడం ఒకటి. లేదంటే క్లాంపులు వాడటం. క్లాంపులతో చేసేటప్పుడు అంచు మధ్యలో కాగితం మందమంత పల్లం ఉంచి చిత్రిక పట్టవచ్చు: నడిమి క్లాంపు ఆ పల్లాన్ని మూస్తుంది, చివర్లు ఎప్పటికీ బిగువుగా ఉంటాయి. రుద్దే అతుకుకు మాత్రం ఈ పల్లం అస్సలు పనికిరాదు, దాన్ని మూసే బలం చేతికి ఉండదు. 75 సెంటీమీటర్లకు మూడు క్లాంపులు, నడిమిది ముందు. గీత మూసుకునేంత బిగిస్తే చాలు. ఎండాకాలంలో జిగురు నీళ్ళగా ఉంటుంది కాబట్టి బలంకొద్దీ బిగిస్తే మొత్తం బయటికి కారిపోయి అతుకులో జిగురే మిగలదు. చలికాలంలో ఆరు గంటలు, ఎండాకాలంలోనూ ముసురులోనూ ఒక రాత్రంతా క్లాంపులు ఉంచండి.

పని పెద్దదై, చలికాలంలో నిమిషం చాలకపోతే యూరియా కలిపి వ్యవధి పెంచుకోవచ్చు. ఎండు జిగురు బరువులో 5 శాతం, అంటే 50 గ్రాములకు రెండున్నర గ్రాములు. 10 శాతం దాటితే అతుకు బలం తగ్గుతుంది. పొలానికి తెచ్చిన బస్తాలోంచి మాత్రం తీయొద్దు. మన దేశంలో 2015 నుంచి ఎరువు యూరియా అంతటికీ వేపనూనె పూత ఉంటుంది, నూనె జిగురుకు పడదు. రసాయనాల దుకాణంలో దొరికే శుద్ధమైన యూరియా కొనుక్కోండి. మేలో అయితే యూరియా మాటే వద్దు.

బయటికొచ్చిన జిగురును పలచగా ఉన్నప్పుడు తుడిస్తే చెక్కంతా పూసుకుంటుంది. అది జెల్లీలా గడ్డకట్టేదాకా ఆగి, ఉలి అంచుతో పట్టీలా లేపి, వేడినీళ్ళలో పిండిన గుడ్డతో ఒక్కసారి తుడవండి.

ఆరనివ్వడం

పూర్తి బలం రావడానికి మామూలు రోజుల్లో 24 గంటలు, ముసురు పట్టిన రోజుల్లో 48. అక్టోబరు తుపాను వానల్లో వీలైతే అతికించే పని వాయిదా వెయ్యండి. తప్పకపోతే మూసిన గదిలో ఒక బల్బు వెలిగించి పెట్టండి.

అతుకు గట్టిపడింది కదా అని మర్నాడే పలక ముఖం చిత్రిక పట్టొద్దు. జిగురులోని నీళ్ళు తాగి అతుకు పక్కన చెక్క కాస్త ఉబ్బి ఉంటుంది. ఉబ్బు మీద చదును చేస్తే, నెల తర్వాత అక్కడ చెక్క దిగిపోయి, మెరుగు పెట్టిన పలక మీద అతుకు వెంట సన్నటి కాలువ కనిపిస్తుంది. నాలుగు రోజులు, వానాకాలంలో వారం ఆగండి.

విరగ్గొట్టి చూడటం

కొత్త జిగురు కొన్నప్పుడల్లా రెండు తుక్కు ముక్కలు అతికించి, రెండ్రోజుల తర్వాత ఉలి పెట్టి చీల్చండి. చెక్క పీచు చిరిగి రెండో ముక్కకు అంటుకుని వస్తే అంతా సవ్యం. విరిగిన ముఖం గాజులా మెరుస్తూ, జిగురు ఒక్క ముక్క మీదే ఉండిపోతే, అవతలి ముక్క తాకేలోపే జిగురు గడ్డకట్టింది: చెక్క చల్లగా ఉంది, లేదా చెయ్యి ఆలస్యమైంది. రెండువైపులా జిగురు దళసరిగా, పగుళ్ళతో ఉంటే అంచులు కలవలేదు, లేదా జిగురు చిక్కగా ఉంది. జిగురు ఆనవాలే లేకుండా చెక్క పొడిగా కనిపిస్తే పల్చన జిగురు చెక్కలోకి ఇంకిపోయింది, లేదా అతిగా బిగించారు. నిలువు నార చివర్లు, అంటే పలక కోసిన తలలు, ఎక్కువ తాగుతాయి. వాటికి ముందు పల్చటి జిగురు ఒక పూత పూసి ఆరనిచ్చి, తర్వాత అసలు జిగురు పెట్టాలి. అయినా తలకు తల అతికించిన చోట బరువు మోపకూడదు, అక్కడ బెజ్జంలోకి దిగే నాలుక ఉండాల్సిందే.

వీణ పై పలక లాంటి పొడుగు అతుకులు

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో వీణను పనస దుంగలోంచి ఒకే చెక్కగా తొలుస్తారు. అలా తొలిచిన వాద్యంలో అతుకులు తక్కువ, కానీ కుండ (వీణకుండే గుండ్రటి బోలు భాగం) మీద మూసే పై పలక చుట్టుకొలత ఎక్కువ. నిమిషంలో చుట్టంతా పూయడం ఎవరి తరమూ కాదు. ఇలాంటి చోట ముందురోజే కుండ అంచుకూ పలక అంచుకూ పల్చటి జిగురు పూసి ఆరనివ్వండి. మర్నాడు పలకను సరిగ్గా పెట్టి, నాలుగు చోట్ల క్లాంపులు తేలిగ్గా తగిలించండి. ఒక్కో క్లాంపు వదులు చేస్తూ, జానెడు దూరం చొప్పున, వేడినీళ్ళలో ముంచిన పల్చటి కత్తితో వేడి జిగురును సందులోకి జొనిపి, వెంటనే బిగిస్తూ ముందుకు వెళ్ళాలి. ఎండిన పాత పూత వేడికీ తడికీ మళ్ళీ కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. ఈ అతుకుకు జిగురు మామూలుకన్నా కొంచెం పల్చగా, 50 గ్రాములకు 120 గ్రాముల నీళ్ళతో కాయండి. ఎప్పుడైనా లోపల మరమ్మతు వస్తే, పలక చిరగకుండా జిగురే ముందు వదలాలి.

విప్పేటప్పుడు కూడా వేడీ తడీ చాలు. పల్చటి కత్తిని వేడినీళ్ళలో ముంచి, సందు దొరికిన చోట మెల్లగా దూర్చి ఆగి, మళ్ళీ దూర్చాలి. తడి తగలకూడని మెరుగు పని ఉన్న చోట డ్రాపరుతో స్పిరిట్ చుక్కలు సందులోకి వదిలితే, జిగురులోని తేమను లాగేసి పెళుసు చేస్తుంది. అప్పుడు కత్తి తగిలితే చిట్లి వదులుతుంది. స్పిరిట్ లక్క మెరుగును కరిగిస్తుంది, ముందు కనిపించని మూల ఒక చుక్క వేసి చూడండి.

ఈ గుణమే దీని హద్దు కూడా. వానకు తడిసే తలుపులకూ బాత్రూమ్ కిటికీలకూ తోలు జిగురు వాడొద్దు. దీనితో అతికించిన వీణను మే నెల ఎండలో మూసిన కారులో వదిలితే అతుకులు మెత్తబడతాయి.

మరమ్మతుకు వచ్చిన పాత సామానులో అతుకు ఊడితే, ముందు అది ఏ జిగురో తేల్చుకోండి. ఒక చుక్క వేడినీళ్ళు వేసి రెండు నిమిషాల తర్వాత వేలితో తాకితే, తోలు జిగురైతే జిగటగా సాగుతుంది. వదులైనది గీకి, మిగతా పొర అలాగే ఉంచి, వెచ్చబెట్టి కొత్త జిగురు పెట్టవచ్చు. మధ్యలో ఎవరైనా తెల్ల జిగురుతో అతికించి ఉంటే తోలు జిగురు దాని మీద పట్టదు. ఆ తెల్ల పొర మొత్తం పోయి కొత్త చెక్క కనిపించేదాకా వేడినీళ్ళతో మెత్తబెట్టి గీకాలి. అంచు అరిగి సందు వస్తే జిగురుతో నింపకుండా, అదే జాతి చెక్కతో పల్చటి పేడు చేసి, నార ఒకే వైపు ఉండేలా సందులో దింపి అతికించండి.